కౌలే గాని పట్టా కాదు

(యల్లాప్రగడ సుబ్బారావు జయంతి నాడు భీమవరంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టిన ఊళ్లో, ఆయన పుట్టినరోజున, ఆయన పేరు మీద మాట్లాడమని పిలవడం నాకు దక్కిన పెద్ద గౌరవం. నేను కాన్సర్ వైద్యుణ్ణి. ముప్పై ఏళ్లు వార్డుల్లోనే గడిపాను. చట్టం చదువుకున్నవాణ్ణి కాదు. అయినా మందుల పేటెంట్ల గురించి మాట్లాడతానని నిర్వాహకులను నేనే అడిగాను. పేటెంట్ చట్టం ఢిల్లీలోనో జెనీవాలోనో తయారవుతుందని అనుకుంటాం. అది అమలయ్యే చోటు మాత్రం ఓపీ గదిలో బల్ల. మందు పేరు రాయబోయిన డాక్టరు, ఎదుటి మనిషి చెప్పుల వైపు, చేతి సంచి వైపు చూసి కలం ఆపుతాడే, ఆ క్షణంలో అమలవుతుంది.

సుబ్బారావు గారి జీవితం మీకు తెలిసినదే. 1895లో ఇక్కడ పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో పదిహేడేళ్లకు పైగా పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. సోదరుడు పురుషోత్తాన్ని స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే ప్రయోగశాలలో తయారు చేసింది. ఆ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్ అక్కడే పుట్టింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు వాడి, కొంతకాలమైనా ఆ జబ్బు వెనక్కి తగ్గుతుందని లోకానికి మొదటిసారి చూపించారు. దానికి తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్‌ను నేను నిన్నమొన్నటి దాకా రాస్తూనే ఉన్నాను. ఇక హెట్రజాన్. గోదావరి జిల్లాల్లో బోదకాలు మనిషి లేని ఊరు లేని రోజుల్లో వచ్చిన మందు అది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి పంచే డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే.

అయితే ఇవాళ నేను ఎత్తుకోదలచింది మరో మందు కథ. దాన్ని జయంతి సభల్లో సాధారణంగా చెప్పరు. ఆయన నేతృత్వంలో సాగిన పరిశోధనలో, వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది బయటికి వచ్చింది. ఆ ఆగస్టు 8న సుబ్బారావు గారు కన్నుమూశారు. మందు పేటెంటు లెడర్లీ మాతృసంస్థ అమెరికన్ సైనమిడ్‌ది. తరువాత పదేళ్లకు అమెరికా సెనేట్‌లో ఎస్టెస్ కెఫావర్ అధ్యక్షతన మందుల ధరల మీద విచారణ మొదలైంది. 1961 నాటి ఆ నివేదిక వివిధ దేశాల్లో ధరలను పోల్చి చూసింది. ఆరియోమైసిన్, ఆక్రోమైసిన్ ధరలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటని తేల్చింది. మందు అనే వస్తువు మీదనే పేటెంటు ఇచ్చే దేశం కావడాన్ని దానితో ముడిపెట్టి చూపింది.

భీమవరం బిడ్డ చేతుల మీదుగా వచ్చిన మందు భీమవరంలో కొనలేని ధరకు అమ్ముడుపోయింది. అమెరికా సెనేటర్లకు వింతగా కనబడిన ఈ సంగతిని మనం చట్టంలో సరిదిద్దుకోవడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఇక నేను కళ్లారా చూసిన ఒక సంగతి. ఇరవై ఏళ్ల కిందటిది. ఈ డెల్టా రైతు ఒకాయన నా దగ్గరికి వచ్చారు. యాభై దాటిన మనిషి, మూడెకరాల ఆసామి. జబ్బు కాన్సర్. మందు పేరు, అమ్మే సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నెలకు లక్ష దాటే ఖర్చు. జబ్బు సంగతి చెప్పాను, మందు సంగతి చెప్పాను. తొందరపడకుండా విన్నారు.

"ఎన్నాళ్లు వాడాలండీ?"

"పనిచేసినన్నాళ్లూ వాడాలండి. మానేస్తే తిరగబెడుతుంది."

చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశారు, ఎరువుల కొట్టు బాకీలు రాసుకునేది. ఖాళీ పేజీలో ఎకరం ధర వేసి, నెల మందు ఖర్చుతో భాగించారు. వచ్చినదాన్ని మూడుతో హెచ్చవేశారు. ఆ అంకె చుట్టూ గీత గీసి పుస్తకం నా వైపు తిప్పారు.

"ఇన్ని నెలలండి. ఆ తర్వాత పిల్లలకి పొలం ఉండదు, నేనూ ఉండను. అంతేనాండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, "ఆయ్, మరి వస్తానండి" అని లేచారు. మళ్లీ రాలేదు.

ఆ రైతుకు పుట్టుకతో తెలిసిన ఒక తేడా, పేటెంట్ల మీద పెద్ద సభల్లో మాట్లాడేవారికి తరచూ తెలియదు. పట్టా వేరు, కౌలు వేరు. పట్టా ఉన్నవాడు చేను సాగు చేసుకోవచ్చు, బీడు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మనుమలకు రాసిపోవచ్చు. కౌలుదారుకు గడువు ఉంటుంది, మాట ఉంటుంది. చేను దున్నకుండా వదిలేస్తే ఆసామి వచ్చి అడుగుతాడు. గడువు అయ్యాక గట్టు కొంచెం జరిపి "ఇది కొత్త చేను, మళ్లీ మొదటినుంచి లెక్క వెయ్యండి" అంటే ఏ ఊరి పెద్దమనుషులూ ఒప్పుకోరు.

పేటెంటు కౌలు. జ్ఞానం ఊరుమ్మడి చేను. అందులో ఒక మూల కొత్త పంట తీసినవాడికి, కొన్నేళ్ల పాటు ఆ ఫలసాయం నీదే అని సమాజం రాసిచ్చే కాగితం అది. ప్రతిఫలంగా ఆ పంట తీసే పద్ధతి అతడు అందరికీ తెలియజెప్పాలి, పంట జనానికి అందేట్టు చూడాలి. "మేధో సంపత్తి" అనే మాట వచ్చి ఈ కౌలును పట్టాగా చూపించింది. మందుల పేటెంట్లకూ ఆరోగ్య హక్కుకూ మధ్య జరుగుతున్నదంతా, లోతుకు పోయి చూస్తే, ఈ కాగితం ఏమిటన్న తగాదాయే. ఇవాళ నేను చెప్పదలచిన మాట ఇది ఒక్కటే. అయితే పోలికలో ఒక తేడా ఉంది, దాచను. మన డెల్టాలో కౌలుదారు బలహీనుడు. గుర్తింపు కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఇక్కడ కౌలుదారు ఖండాంతర సంస్థ. ఆసామి పేరు ప్రజలు. అందుకే ఆసామి తన చేనుకు తానే దరఖాస్తు పెట్టుకోవలసి వస్తున్నది.

ఇది నేను కల్పించిన సిద్ధాంతం కాదు, చరిత్ర చెప్పేదే. 1474లో వెనిస్ నగరం చేసిన చట్టం కొత్త యంత్రం తెచ్చినవాడికి పదేళ్ల గడువు ఇచ్చింది. 1623 నాటి ఇంగ్లండు చట్టం రాజుగారి ఇష్టానుసారం గుత్తాధిపత్యాలు ఇవ్వడాన్ని రద్దు చేసి, కొత్త ఆవిష్కరణకు మాత్రం పద్నాలుగేళ్లు మినహాయించింది. మందుల విషయానికి వస్తే దేశాలు ఇంకా జాగ్రత్తపడ్డాయి. ఫ్రాన్సు 1844 చట్టంలో మందులకు పేటెంటే లేదన్నది. జర్మనీ 1877లో రసాయనాల తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది, వస్తువుకు ఇవ్వలేదు. జపాన్ 1976 దాకా, స్విట్జర్లాండు, ఇటలీ 1970ల చివరి దాకా మందు అనే వస్తువుకు పేటెంటు ఇవ్వలేదు. స్విట్జర్లాండు సంగతి మనసులో ఉంచుకోండి. బాసెల్ నగరంలో సిబా, గైగీ, సాండోజ్ కంపెనీలు ఎదిగింది రంగుల తయారీతో. పరాయి దేశాల పేటెంట్లు తమ గడప తొక్కని కాలంలో. అవి పెరిగి పెద్దవై, మందుల్లోకి దిగి, 1996 నాటికి ఒక్కటై నొవార్టిస్‌గా మారాయి. ఆ నొవార్టిసే తరువాత చెన్నైలో మనకు పేటెంటు ధర్మం బోధించడానికి వచ్చింది. పైకెక్కినవారు నిచ్చెన లాగేసుకోవడం కొత్త కాదు. మనకు మాత్రం 1911లో బ్రిటిష్ ప్రభుత్వం తన అవసరానికి కుట్టిన చొక్కా తొడిగింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇరవై ఏళ్లకు పైగా అదే వేసుకుని తిరిగాం.

మార్చింది ఇద్దరు న్యాయమూర్తుల శ్రమ. మొదట బక్షీ టేక్‌చంద్ సంఘం. తరువాత జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదికను ఫార్మసీ, న్యాయ విద్యార్థులు ఒక్కసారైనా చదవాలి. ఈ దేశంలో ఇచ్చిన పేటెంట్లలో నూటికి 80 నుంచి 90 విదేశీయుల చేతుల్లో ఉన్నాయని, వాటిలో నూటికి 90కి పైగా ఇక్కడ వాడుకలోకే రాలేదని ఆయన చూపించారు. కౌలు భాషలో చెబితే చేను పట్టుకున్నది ఒకరు, బీడు పెట్టింది వారే. ఆ నివేదిక పునాదిగా 1970 చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందులకు, ఆహారానికి పద్ధతి మీదే పేటెంటు. అదీ జారీ అయిన నాటి నుంచి ఐదేళ్లు లేదా దరఖాస్తు నాటి నుంచి ఏడేళ్లు, ఏది ముందైతే అది.

ఈ చట్టం ఒక్కటే ఉంటే ఏమీ జరిగేది కాదు. సోవియట్ సాయంతో హైదరాబాదు బాలానగర్ ప్రాంతంలో ఐ.డి.పి.ఎల్. కర్మాగారం అప్పటికే నిలబడి ఉంది. రసాయనం ఎలా వండాలో తెలిసిన ఒక తరం అక్కడ తయారైంది. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. ఆ ఉద్యోగులు, వారి సహచరులు, శిష్యులు జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా పెట్టిన యూనిట్ల వల్లనే హైదరాబాదు ముడి మందుల రాజధాని అయింది. ఆ ప్రాంతపు చెరువులు, బోర్లు దానికి చెల్లించిన మూల్యం వేరే ఉపన్యాసం అవుతుంది. కాని ఆ మూల్యాన్ని మరిచి ఈ విజయం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

1986లో ఉరుగ్వే రౌండు చర్చలు మొదలైనప్పుడు ఫైజర్ అధిపతి ఎడ్మండ్ ప్రాట్ వంటివారు కొన్ని అమెరికన్ కంపెనీలను కూడగట్టి పేటెంట్లను వాణిజ్య ఒప్పందంలోకి తెచ్చారు. ఆ రోజుల్లో మన ఊళ్ల గోడల మీద, ఆ ఒప్పందం ముసాయిదా తెచ్చిన "డంకెల్" పేరు ఎర్ర రంగులో ఉండేది. విత్తనాల గురించి రైతు సంఘాలు చేసిన గొడవ అందరికీ వినబడింది. మందుల గురించి మేము, డాక్టర్లం, చేయవలసినంత చేయలేదు. 1994లో మరకేష్‌లో సంతకాలయ్యాయి, 1995 జనవరి 1 నుంచి మేధో సంపత్తి మీద ట్రిప్స్ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఏ రంగమైనా, ఇరవై ఏళ్ల పేటెంటు. మన వంటి దేశాలకు మందుల విషయంలో 2005 దాకా వ్యవధి దొరికింది. ప్రతి దేశమూ తన ఆకలిని బట్టి కౌలు షరతులు రాసుకునే అయిదు వందల ఏళ్ల ఆనవాయితీ ఆ సంతకాలతో ముగిసింది.

ఆ పదేళ్ల వ్యవధి విలువ ఎంతో ఎయిడ్స్ చెప్పింది. 1996 నాటికి మూడు మందుల చికిత్స వచ్చి, చావు తప్పదనుకున్న జబ్బు అదుపులోకి వచ్చే జబ్బు అయింది. ఏడాది ఖర్చు మాత్రం పదివేల డాలర్ల పైనే. రోగుల్లో ఎక్కువమంది ఆఫ్రికాలో ఉన్నారు, మందులు ఐరోపా, అమెరికాల్లో ఉన్నాయి. దక్షిణాఫ్రికా 1997లో చవక మందులు తెచ్చుకునేందుకు చట్టం సవరించుకుంటే, 39 కంపెనీలు ఆ ప్రభుత్వం మీద దావా నడిపాయి. ప్రతివాదుల్లో మొదటి పేరు నెల్సన్ మండేలాది. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అదే చికిత్సను సరిహద్దుల్లేని వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామన్నారు. మందు తయారీకి అసలు ఎంత అవుతుందో లోకానికి ఆ రోజు తెలిసింది. ఏప్రిల్‌లో కంపెనీలు దావా ఉపసంహరించుకున్నాయి. నవంబరులో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలన్నీ, ప్రజారోగ్యాన్ని కాపాడుకునే చర్యలకు ట్రిప్స్ అడ్డు రాదని, రాకూడదని ప్రకటించాయి. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఎయిడ్స్ చికిత్స మొదలైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జబ్బు బాగా ముదిరిన రాష్ట్రాల్లో ఒకటి. 1970 చట్టం లేకపోతే 2001 నాటి 350 లేదు, 2004 నాటి ఉచితమూ లేదు.

2005లో మనం మందులకు వస్తువు పేటెంటు మళ్లీ తెచ్చాం. తప్పనిసరై తెచ్చాం. కాని ఆ మార్చిలో పార్లమెంటులో వామపక్షాల ఒత్తిడితో చట్టంలో కొన్ని గట్లు కట్టారు. వాటిలో 3(డి) గట్టిది. తెలిసిన పదార్థానికే లవణం మార్చి, స్ఫటికం మార్చి, రూపం మార్చి తెస్తే, చికిత్సలో గుణం చెప్పుకోదగ్గట్టు పెరిగితే తప్ప అది కొత్త ఆవిష్కరణ కాదు. గట్టు జరిపి కొత్త చేను అనే పద్ధతికి (వ్యాపార పరిభాషలో ఎవర్‌గ్రీనింగ్) ఇది కళ్లెం.

ఆ కళ్లెం గ్లివెక్ దగ్గర పరీక్షకు వచ్చింది. గ్లివెక్ అంటే నొవార్టిస్ అమ్మే ఇమాటినిబ్. రక్త కాన్సర్లలో సి.ఎం.ఎల్. అనే రకానికి అది నిజంగా అద్భుతమైన మందు. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొన్నేళ్లలో పోతారనుకున్న రోగులు ఉద్యోగాలకు వెళ్లడం, పిల్లల పెళ్లిళ్లు చేయడం నేను చూశాను. అసలు అణువు మీద విదేశీ పేటెంటు దరఖాస్తు 1993 నాటిది. అప్పటికి మన చట్టంలో మందుకు పేటెంటు లేదు. నొవార్టిస్ 1998లో చెన్నైలో పెట్టిన దరఖాస్తు ఆ అణువు లవణానికి చెందిన బీటా స్ఫటిక రూపం కోసం. నెలకు లక్షా ఇరవై వేల రూపాయల ప్రాంతంలో గ్లివెక్, ఎనిమిది పదివేల ప్రాంతంలో హైదరాబాదు నాట్కోతో సహా మన కంపెనీల మాత్రలు. ఆ రెండు అంకెల మధ్యనున్నది స్ఫటికం ఒక్కటే. కాన్సర్ రోగుల సహాయ సంఘం ఒకటి, మన కంపెనీలు కొన్ని అభ్యంతరం పెట్టాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ కార్యాలయం దరఖాస్తు తిరస్కరించింది. కంపెనీ 3(డి) రాజ్యాంగ విరుద్ధమన్నది. 2007 ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఆ వాదన కొట్టివేస్తూ, పౌరులకు ఆరోగ్యం అందించే రాజ్యాంగ బాధ్యతను ఈ సవరణ ఉద్దేశాల్లో ఒకటిగా గుర్తించింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ తీర్పు. పొడి బాగా జారుతుంది, తేమ తక్కువ పీలుస్తుంది, నిలవ ఉంటుంది అన్నవి తయారీదారుకు మేలే. రోగికి మేలేమిటి? గుణం అంటే జబ్బు మీద చూపే గుణమే. శరీరానికి ముప్పై శాతం ఎక్కువ అందుతుందన్నారు గాని, దానివల్ల జబ్బు మీద గుణం పెరిగిందని చూపలేకపోయారు.

వైద్యుడిగా చెబుతున్నాను, ఇంతకంటె సరైన కొలత లేదు. మా వార్డులో ఏ కొత్త మందునైనా మేము అడిగే మొదటి ప్రశ్న అదే.

రెండో పరీక్ష నెక్సావర్. కాలేయ, మూత్రపిండాల కాన్సర్లకు బేయర్ కంపెనీ సొరాఫెనిబ్. దీని పేటెంటు అప్పటికి చెల్లుబాటులో ఉంది. ధర నెలకు 2,80,428 రూపాయలు. అవసరమైన రోగుల్లో నూటికి ఇద్దరికి కూడా సరిగా అందలేదు. దేశంలో తయారీ లేదు. మా చేను, మా ఇష్టం అన్నట్టే ఉంది వ్యవహారం. చట్టంలోని 84వ సెక్షన్ ప్రకారం పేటెంటుదారు ఒప్పుకోకున్నా మందు తయారు చేసుకునే తప్పనిసరి లైసెన్సుకు నాట్కో దరఖాస్తు పెట్టింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ లైసెన్సు ఇచ్చారు. నెలకు 8,880 రూపాయలకు అమ్మాలి, ఏటా 600 మంది పేదలకు ఉచితంగా ఇవ్వాలి, బేయర్‌కు అమ్మకాల మీద ఆరు శాతం రాయల్టీ చెల్లించాలి. అప్పీలులో ఆ రాయల్టీని ఏడు శాతం చేశారు. కౌలుదారును వెళ్లగొట్టలేదని గమనించండి. పేటెంటు బేయర్‌దే, ఫలసాయంలో వాటా బేయర్‌దే. బీడు మాత్రం ఒప్పుకోలేదు. ఇది దోపిడీ అన్నవారు ఆ ఉత్తర్వు చదవలేదు.

ఇప్పుడు అవతలి వాదనకు రావాలి. కొత్త మందు కనిపెట్టడానికి వేల కోట్లవుతుంది, మనుషుల మీద పరీక్ష దాకా వచ్చిన వాటిలోనూ పదింట తొమ్మిది ఓడిపోతాయి, రాబడి లేకపోతే రేపటి మందు రాదు. ఈ మాటలో నిజం ఉంది. కొత్త మందులు వాడి మనుషులను బతికించుకున్నవాణ్ణి, దాన్ని తేలిక చేయను. సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్లమూ ఒక కంపెనీ జీతం మీద పుట్టిందే. కాని ధర ఖర్చును బట్టి ఉంటుందన్న మాట అబద్ధం. గ్లివెక్ అమెరికాలో వచ్చినప్పుడు ఏడాదికి 30 వేల డాలర్ల ప్రాంతంలో ఉండేది. పదేళ్లలో పరిశోధన ఖర్చు వసూలై ధర తగ్గవలసింది పోయి 90 వేలు దాటింది. 2013లో ఆ జబ్బు నిపుణులు వందమందికి పైగా, ఆ మందును నిలబెట్టిన బ్రయన్ డ్రకర్‌తో సహా, ఒక వైద్య పత్రికలో ఈ ధరలు తగవని రాశారు. వారు పేద దేశాల ఉద్యమకారులు కారు. ఇంకొక సంగతి. రాబడే దారి చూపిస్తే పరిశోధన రాబడి ఉన్న చోటికే పోతుంది. బోదకాలు మనిషి దగ్గర డబ్బు ఉండదు. హెట్రజాన్ వంటి మందు ఇవాళ ఏ కంపెనీ డైరెక్టర్ల సమావేశంలో ముందుకు నడుస్తుందో నేను ఊహించలేను.

హక్కు విషయానికి వస్తే, మన రాజ్యాంగంలో ఆరోగ్య హక్కు అనే అధికరణం లేదు. 47వ అధికరణం రాజ్యానికి బాధ్యత చెప్పింది. 21వ అధికరణంలోని జీవించే హక్కులోంచి కోర్టులు దాన్ని పైకి తీశాయి. రైల్లోంచి పడిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒక్కొక్కటే తిప్పి పంపిన కేసులో, 1996లో సుప్రీంకోర్టు సకాలంలో వైద్యం అందించకపోవడం ఆ హక్కును భంగపరచడమేనన్నది. మన దేశం ఆమోదించిన ఆర్థిక, సామాజిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో ఆవిష్కర్త ప్రయోజనమూ, విజ్ఞాన ఫలాల్లో అందరి వాటా కూడా ఒకే అధికరణంలో పక్కపక్కనే ఉన్నాయి. అంటే రెండూ ఉండాలి. కాని అందరి వాటా మనిషి పుట్టుకతో వచ్చేది, ఆవిష్కర్త పేటెంటు చట్టసభ రాసిస్తే వచ్చేది. ఆ వరస తారుమారు కాకూడదు.

ఇప్పుడు జరుగుతున్నది ఆ తారుమారే. నెక్సావర్ తరువాత మన దేశం ఇంకో తప్పనిసరి లైసెన్సు ఇవ్వలేదు. 2013లో ఒకటి, 2016లో హైదరాబాదు కంపెనీ పెట్టినది ఒకటి తిరస్కరించారు. 2020 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కోవిడ్ కాలానికి పేటెంట్లు ఆపమని దక్షిణాఫ్రికాతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగింది మనమే. 2022 జూన్‌లో దొరికింది టీకాలకు పరిమితమైన ముక్క. ఆ మధ్యలో, 2021 వేసవిలో, మన ఆసుపత్రుల గేట్ల ముందు మందు కోసం జనం చేతులు చాచి నిలబడి ఉండగా అత్యవసర వేళ తప్పనిసరి లైసెన్సులకు దారి తెరిచే మన చట్టంలోని 92వ సెక్షన్‌ను మనమే వాడుకోలేదు. జెనీవాలో అడిగింది ఢిల్లీలో చేయలేకపోయాం. అయినా కత్తి ఒరలో ఉన్నా పనిచేస్తుందనడానికి ఆ మే నెలలోనే ఒక సాక్ష్యం దొరికింది. బారిసిటినిబ్‌కు నాట్కో తప్పనిసరి లైసెన్సు అడిగిన కొద్ది రోజులకే ఎలీ లిల్లీ స్వచ్ఛంద లైసెన్సు ఇచ్చింది.

స్వచ్ఛంద లైసెన్సులను నేను తీసిపారేయను. లెనకాపవిర్ అనే హెచ్.ఐ.వి. నివారణ ఇంజెక్షన్ అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్ల పైచిలుకు. గిలియడ్ ఇచ్చిన లైసెన్సులతో డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2027 నుంచి దాన్ని ఏడాదికి 40 డాలర్లకు 120 దేశాలకు ఇస్తామంటున్నాయి. పెద్ద మేలే. కాని ఆ మందు పరీక్షలకు ఒళ్లు అప్పగించిన మనుషులున్న బ్రెజిల్, పెరూ ఆ జాబితాలో లేవు. జాబితా రాసింది కౌలుదారు కదా.

షరతులు ఎలా సడలుతున్నాయో చూడండి. పేటెంటు తీసుకున్నవారు దాన్ని ఈ దేశంలో ఎంతవరకు వాడుకలోకి తెచ్చారో చెప్పే ఫారం 27 ఉంది. నెక్సావర్ కేసు గెలవడానికి అలాంటి లెక్కలే ఆధారం. ఏటా ఇవ్వవలసిన ఆ లెక్కను 2024 మార్చి నిబంధనలు మూడేళ్లకొకసారి చేశాయి. పేటెంటు ఇవ్వకముందే అభ్యంతరం చెప్పుకునేవారికి రుసుము పెట్టాయి, మీ అభ్యంతరం వినాలా వద్దా అని ముందు ఒక వడపోత పెట్టాయి. 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో, మందులు అందించడానికి స్వచ్ఛంద పద్ధతులే మేలని మన చేతనే రాయించుకున్నారు. గట్టు ఎప్పుడూ ఒక్క రాత్రిలో జరగదు; ఏటా జానెడు జరుగుతుంది.

మన కంపెనీల మీద భక్తి అక్కర్లేదు. వాటివీ లాభాలే, ఇప్పుడు వాటివీ పేటెంట్లే. ప్రభుత్వాలనూ అడగాలి. 8,880 రూపాయల మందు కూడా కూలి మనిషి నెలనెలా కొనగలిగేది కాదు. మన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం పుట్టింది; ఇంట్లో కూర్చుని ఏళ్ల తరబడి మింగవలసిన మాత్ర దాని లెక్కలోకి అంత తేలిగ్గా రాదు. ప్రభుత్వం తానే టోకున కొని ఊరి ఆసుపత్రి దాకా చేర్చే పద్ధతి తమిళనాడులో 1990ల నుంచీ ఉంది. అది చూసి నేర్చుకోవడానికి ఏ ఒప్పందమూ అడ్డం రాదు.

అయినా గట్లు పూర్తిగా తెగలేదు. 2025 అక్టోబరులో వెన్నెముక కండర క్షీణత అనే పిల్లల జబ్బు మందు రిస్‌డిప్లామ్ విషయంలో, నాట్కో అమ్మకాలు ఆపమని పేటెంటుదారు రోష్ అడిగిన నిలుపుదలకు ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆరు లక్షల పైచిలుకున్న సీసాను నాట్కో 15,900 రూపాయలకు విడుదల చేసింది. దావా అప్పటికి తేలలేదు. కాని ఆ సీసా దుకాణంలోకి వచ్చింది.

చివరగా ఫార్మసీ విద్యార్థులతో ఒక మాట. పేటెంటు ఇవ్వకముందు అభ్యంతరం ఎవరు పెట్టవచ్చో చట్టంలోని 25వ సెక్షన్ చెబుతుంది. కంపెనీ అనలేదు, డాక్టరు అనలేదు, వకీలు అనలేదు. ఎవరైనా సరే అన్నది. మొండి క్షయ మందు బెడాక్విలిన్‌కు లవణ రూపం మీద గడువు పొడిగించుకునే దరఖాస్తు పడితే, 2019లో దాన్ని ఎదుర్కొన్నవారు క్షయ నుంచి బయటపడ్డ ఇద్దరు యువతులు, ముంబయి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా ఫుమేజా టిసిలే. క్షయ చికిత్సలో వాడిన మందుల వల్ల ఇద్దరికీ వినికిడి పోయింది. 2023 మార్చిలో మన పేటెంట్ కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది.

మన రెండు రాష్ట్రాల దరఖాస్తులు వెళ్లేది చెన్నై గిండీలోని కార్యాలయానికి. సాధారణంగా పద్దెనిమిది నెలలు నిండాక ప్రతి దరఖాస్తూ ఇంటర్నెట్‌లో అందరికీ కనబడుతుంది. ఇక్కడి ఫార్మసీ కాలేజీలో మూడో సంవత్సరం చదివే పిల్లకు లవణమేదో, స్ఫటికమేదో, నిజంగా కొత్త అణువేదో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. ఆ రైతు పుస్తకంలోని పేజీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ మందు దస్త్రం గిండీలో తెరిచి చూడాలని ఆనాడు నాకు తోచలేదు. అది ఎక్కడ ఉంటుందో కూడా అప్పటికి నాకు తెలియదు.